తీపి మొక్కజొన్న గింజలు

తీపి మొక్కజొన్న లేదా స్వీట్ కార్న్ అనునది గడ్డి కుటుంబమైన పోయేసీకి చెందిన మొక్కజొన్నలో ఒక రకము. దీని శాస్త్రీయ నామము జియా మేస్. పశువుల దాణాకు, పిండికి పండించే మొక్కజొన్న, పేలాలకు వాడే మొక్కజొన్న కూడా ఇదే జాతికి చెందినవి. ఒకే జాతికి చెందిన గింజలకు అనేక పేర్లు, వేర్వేరు గింజలకు ఒకే పేరు వాడుకలో ఉండటం వలన వంటలోను, సాగులోను తికమక కలుగుతుంది.

పేర్లు

మొక్కజొన్న అమెరికా ఖండములకు చెందిన పంట. అది భారతదేశానికి వచ్చేనాటికే ఇక్కడ జొన్న ప్రధాన ఆహారధాన్యము. కొత్త ధాన్యానికి పాత ధాన్యం పేరునే చేర్చి పిలిచారు. కన్నడంలో మెక్కెజోళ, తమిళంలో మక్కాచ్చోళం అనే పేర్లలోనూ చివరి భాగానికి జొన్న అనే అర్థం. అయితే జొన్న, మొక్కజొన్న వేర్వేరు ప్రజాతులు.

తెలంగాణలో మొక్కజొన్నను మక్కజొన్న అని, గింజలను మక్కలు అని అంటారు. గింజలతో కూడిన కంకిని మక్క కంకి, మక్క బుట్ట అని, ఆంధ్ర ప్రాంతంలో పొత్తు, కండె అని వ్యవహరిస్తారు. వేయించగా పేలిన గింజలు పేలాలు. వీటినే నగరాలలో పాప్‌కార్న్ అంటున్నారు. తీపి రకం గింజలు ఇటీవలి దశాబ్దాలలో మాత్రమే విస్తృతంగా వాడుకలోకి రావడం వలన వాటికి స్వీట్ కార్న్ అనే ఆంగ్ల నామమే స్థిరపడింది. వ్యవసాయ రచనలలో తీపి మొక్కజొన్న అని వ్రాస్తారు.

ఆంగ్లంలోనూ ఇటువంటి చిక్కు ఉంది. అమెరికాలో కార్న్ అంటే మొక్కజొన్న. బ్రిటన్‌లో ఆ మాటకు ధాన్యము అనే పాత అర్థం ఉన్నందున, కూరగాయగా తినే గింజలను ప్రత్యేకంగా స్వీట్‌కార్న్ అంటారు. బేబీ కార్న్ మాత్రం ప్రత్యేక గింజ కాదు. అది ఫలదీకరణ జరగక ముందే కోసిన లేత పొత్తు.

గింజ నిర్మాణము

పొత్తు నుండి వెలువడే పీచులో ఒక్కొక్క పోగు ఒక్కొక్క గింజకు సంబంధించినది. పుప్పొడి చేరని పోగు దగ్గర గింజ ఏర్పడదు. వృక్షశాస్త్రం ప్రకారం ప్రతి గింజ కవచబీజకం అనే ఒక ఫలము. కనుక ఇదే గింజ వృక్షశాస్త్రంలో పండు, ఎండితే ధాన్యము, లేతగా వండితే కూరగాయ.

తీపికి కారణము

సాధారణ గింజ ముదిరేకొద్దీ అందులోని చక్కెర పిండిపదార్థంగా మారుతుంది. తీపి రకాలలో జన్యుమార్పు వలన ఈ ప్రక్రియ మందగిస్తుంది. సుగరీ-1 అనే జన్యువు పాత తీపి రకాలకు ఆధారము. ష్రంకెన్-2 అనే మరొక జన్యువు గల గింజలలో చక్కెర అధికంగా నిలువ ఉంటుందని అమెరికా శాస్త్రజ్ఞుడు జాన్ లాఫ్నన్ 1953లో ప్రకటించాడు. దాని ఆధారంగా అతితీపి రకాలు వెలువడ్డాయి. పిండిపదార్థం తక్కువగా ఉండటం వలన తీపి గింజలు ఎండినప్పుడు ముడతలు పడతాయి.

సాగు, నిలువ

పొత్తులను గింజలు పాలు పోసుకున్న దశలోనే కోయాలి. కోసిన తరువాత, ముఖ్యంగా పాత తీపి రకాలలో, చక్కెర త్వరగా తగ్గిపోతుంది. అందువలన వెంటనే చల్లబరచడం అవసరము.

తీపి రకాన్ని సాధారణ మొక్కజొన్న చేను పక్కన వేస్తే, గాలికి వచ్చిన పుప్పొడి వలన ఆ పంటలోనే గింజలు పిండిగా మారి తీపిని కోల్పోతాయి. దీనిని నివారించడానికి రెండు చేల మధ్య తగిన దూరం ఉంచాలి లేదా పూత కాలాలు కలవకుండా విత్తాలి. సంకర రకాల నుండి దాచిన విత్తనం మరుసటి పంటలో అవే లక్షణాలను ఇవ్వదు. మక్కలు అని పేరు ఒకటే అయినా విత్తనం కొనేటప్పుడు రకాన్ని విచారించవలసినది ఇందుకే.

ఉపయోగాలు

పచ్చి తీపి గింజలలో 100 గ్రాములకు సుమారు 76 గ్రాముల నీరు, 19 గ్రాముల పిండిపదార్థాలు (ఇందులో 6 గ్రాములు చక్కెరలు), 3 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. శక్తి సుమారు 86 కిలో కేలరీలు. వీటిని ఉడికించి, సూపులలోను కూరలలోను వాడుతారు. తెలంగాణలో మక్క గారెలకు సాధారణ రకం లేత గింజలను రుబ్బుతారు. గట్కకు ఎండిన మక్కల రవ్వ కావాలి. తీపి గింజలలో నీరు ఎక్కువ, పిండి తక్కువ కనుక అవి గట్కకు అనువైనవి కావు. పేలాలకు గట్టి పైపొర గల ప్రత్యేక రకం గింజలు శ్రేష్ఠము.