రెండు చెరుకు దీవులు - ఒక ఇంటి పద్దు



"ఫలానా దేశంలో పరిశ్రమల ఉత్పత్తి ఇన్ని కోట్లు" అని పేపర్లో కనబడితే, మనకెందుకులే అని పేజీ తిప్పేస్తాం. కానీ నెలనెలా పద్దు రాసే ఇల్లాలికి ఆ లెక్క తెలియనిదేమీ కాదు. మనది బెల్లం ఊరు కనక, చెరుకుతో బతికిన రెండు చిన్న దేశాలు, మారిషస్‌నీ ఫిజీనీ పోల్చి చూద్దాం. రెండూ మనకి పరాయివి కావు. పందొమ్మిదో శతాబ్దంలో కోరంగి రేవునుంచి మారిషస్‌కీ, 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా ఫిజీకీ మన తెలుగువాళ్ళు చెరుకు తోటల్లో కూలికి ఓడలెక్కి వెళ్ళారు.

ముందు ఉత్పత్తి అంటే ఏమిటో చూడండి. ఒకావిడ వెయ్యి రూపాయల పచ్చళ్ళు అమ్మింది; కాయలకీ నూనెకీ ఏడువందలయ్యాయి. ఇంకొకావిడ ఐదువందలకి బట్టలు కుట్టింది. దారానికీ గుండీలకీ వంద అయింది. అమ్మకం మొదటావిడదే ఎక్కువ. కానీ తన పనితో ఒకావిడ జోడించిన విలువ మూడువందలు, రెండో ఆవిడది నాలుగువందలు. దేశాలు లెక్కగట్టేది ఈ జోడించిన విలువనే. చెరుకు పండిస్తే అది వ్యవసాయం కింద, గానుగాడి బెల్లం వండితే పరిశ్రమ కింద పద్దు.

ఇప్పుడు దీవుల సంగతి. 1975 ఒప్పందం ప్రకారం ఐరోపా దేశాలు ఏటా మారిషస్‌నుంచి సుమారు 4.9 లక్షల టన్నులు, ఫిజీనుంచి 1.65 లక్షల టన్నుల చక్కెర మంచి ధరకి కొనేవి. మారిషస్ ఆ చక్కెర డబ్బుని నమ్ముకుని ఊరుకోలేదు. 1970లోనే ఎగుమతి ఫ్యాక్టరీల చట్టం చేసుకుంది. బట్టల మిల్లుల్లో వేలమంది ఆడవాళ్ళు పనికి చేరారు. 2006 నుంచి ఐరోపా ధర తగ్గిస్తే, మిల్లుల్ని కలిపేసి, ప్రత్యేక రకాల చక్కెర చేస్తూ, చెరుకు పిప్పితో కరెంటు తీస్తోంది.

ఫిజీలో 1987లో రెండుసార్లు సైనిక తిరుగుబాటు జరిగింది. భారత సంతతివారు ఎందరో దేశం విడిచిపోయారు. ఆ తర్వాత పన్నులేని బట్టల ఫ్యాక్టరీలు వచ్చాయి గానీ, పరాయి దేశాలిచ్చిన రాయితీలు పోగానే చాలా మూతపడ్డాయి. 1997 నుంచి భూముల కౌళ్ళ గడువు తీరడంతో చెరుకు రైతులూ తగ్గారు. ఇటీవలి ఏళ్ళలో అక్కడ చక్కెర కంటే సీసా నీళ్ళే ఎక్కువ డబ్బు తెస్తున్నాయి!

మరి ఎవరిది పైచేయి? రెండు చోట్లా ఫ్యాక్టరీల వాటా దేశ ఆదాయంలో పదోవంతుకి కొంచెం అటూ ఇటూ. అది చూసి "ఇద్దరూ సమానమే" అనేయకండి. 2023లో మారిషస్ ఆదాయం సుమారు 1,450 కోట్ల డాలర్లు, ఫిజీది 550 కోట్లు. జనం అక్కడ పన్నెండున్నర లక్షలు, ఇక్కడ తొమ్మిది లక్షలు. తలకి పంచితే మారిషస్ ఫ్యాక్టరీల పంట ఫిజీకి దాదాపు రెట్టింపు. అయితే ఒక డాలరుకి రెండు చోట్లా ఒకేపాటి సరుకు రాదు, అదీ గుర్తుంచుకోవాలి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, 2022 ఏప్రిల్‌లో మన అనకాపల్లి జిల్లా అయింది. అచ్యుతాపురం బట్టల ఫ్యాక్టరీలకి చుట్టుపక్కల ఊళ్ళ ఆడపిల్లలు తెల్లారేసరికి బస్సెక్కుతున్నారు. రేపు "జిల్లా నుంచి ఇన్ని కోట్ల ఎగుమతి" అని చదివితే మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది అమ్మకమా, జోడించిన విలువా? తలకి ఎంత? అందులో కుట్టిన పిల్ల చేతికి జీతంగా వచ్చిందెంత? జోడించిన విలువలోనే జీతమూ ఉంటుంది, యజమాని లాభమూ ఉంటుంది. మొత్తం పెరిగినంత మాత్రాన పిల్ల వాటా దానంతటదే పెరగదు. ఆ మూడో ప్రశ్న అడగవలసింది మనమే.