పక్షవాతం తరువాత బుద్ధిశక్తుల పరీక్ష

పక్షవాతం అనగానే చచ్చుబడిన కాలుసేతులే మనకు స్ఫురిస్తాయి. కాని వ్యాధికి మూలం మెదడులో ఉన్నది. మెదడుకు నెత్తురు తీసుకొనిపోయే నాళం గడ్డచే మూసుకొనిపోయినా, చిట్లినా, అక్కడి కణాలు నశించి, ఆ భాగం చేసే పని కుంటుపడుతుంది. ఎడమ అర్ధభాగం దెబ్బతింటే పలువురికి మాట తడబడుతుంది. కుడి అర్ధభాగం దెబ్బతింటే కొందరు, చూపు ఉండి కూడా, ఎడమవైపును గమనించలేరు. విస్తరిలో ఎడమ ప్రక్కనున్న కూర అట్లే మిగిలిపోతుంది. జ్ఞాపకం, ఏకాగ్రత, ముందువెనుకలు ఆలోచించే శక్తి కూడా సన్నగిల్లవచ్చు. ఇట్టి లోపాలు పైకి కనబడవు. వాటిని కొలవడానికే బుద్ధిశక్తుల పరీక్షలు ఏర్పడినవి.

అనువాదం చాలదు

1975లో అమెరికాలో వెలువడిన ఒక పరీక్ష ప్రపంచమంతటా వ్యాపించింది. దానికి మొత్తం 30 మార్కులు. 100 నుండి వరుసగా 7 చొప్పున తీసివేయడం, ఒక వాక్యం వ్రాయడం, బొమ్మను చూచి గీయడం వంటివి అందులోని అంశాలు. చేవెళ్ళ ప్రాంతంలోని ఆలూరులో, బడికి పోని ఒక రైతును ఊహించండి. పంట లెక్కలన్నీ నోటితో చెప్పగల ఆయన, కలం పట్టలేనందున మార్కులు కోల్పోతాడు. ఆయనకు లేనిది చదువే గాని బుద్ధి కాదు.

ఈ చిక్కును గుర్తించి, హర్యానాలోని బల్లభ్‌గఢ్ గ్రామాల వృద్ధులకు తగినట్లు మార్చిన హిందీ పరీక్ష 1995లో వెలువడింది. అందులో 20 నుండి 3 చొప్పున తీసివేయాలి. వారాల పేర్లు వెనుకనుండి చెప్పాలి.

భాషను బట్టి కూడా చిక్కులున్నవి. ఇంగ్లీషులో ఒక అక్షరంతో మొదలయ్యే మాటలను ఒక నిమిషంలో చెప్పమంటారు. తెలుగులో ‘ప’ అంటే ‘పా’, ‘పి’, ‘పు’లు కూడా లెక్కకు వస్తాయా? ఇది ముందే నిర్ణయించాలి. అక్షరాలు రానివారిని జంతువుల పేర్లు అడగడం మేలు. మాట పడిపోయినవారికి బొమ్మలు చూపి వేలితో గుర్తింపజేయాలి. లేనిచో మాటలోని లోపం జ్ఞాపకలోపంగా నమోదవుతుంది.

పరీక్షకే పరీక్ష

ఇట్లు తయారైన పరీక్షను వెంటనే వాడరాదు. ఇద్దరు పరీక్షకులు వేర్వేరుగా మార్కులు వేసినా ఫలితం దాదాపు ఒక్కటిగా ఉండాలి. అది నిపుణుల సమగ్ర నిర్ణయంతోనూ సరిపోవాలి. ఉదాహరణకు 100 మంది రోగులలో 40 మందికి నిజంగా లోపం ఉన్నదనుకొందాం. పరీక్ష వారిలో 34 మందిని పట్టుకొన్నది. అనగా నూటికి 85. లోపం లేని 60 మందిలో 48 మందిని సరిగా విడిచిపెట్టింది; అనగా నూటికి 80. ఆరుగురు తప్పించుకొన్నారు, 12 మందిపై లేని లోపం పడింది. ఉత్తీర్ణతకు కావలసిన మార్కులు పెంచితే మొదటి తప్పు తగ్గి, రెండవది పెరుగుతుంది. కనుక చదువును, వయస్సును బట్టి హద్దులను వేర్వేరుగా నిర్ణయించవలసి ఉంటుంది.

తెలుగులో కృషి

హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో ఆడెన్‌బ్రూక్స్ పరీక్షను తెలుగుకు అనువుగా మలిచారు. ఆ సంస్థలో 608 మంది పక్షవాత రోగులపై సువర్ణ అల్లాడి బృందం జరిపిన పరిశీలన 2016లో ప్రచురితమైనది. వ్యాధి తరువాత బుద్ధిశక్తులు చెడకుండా ఉన్నవారు, రెండు లేక అంతకు మించి భాషలు మాట్లాడేవారిలో నూటికి సుమారు 40 మంది, ఒకే భాష వారిలో సుమారు 20 మంది. అయితే మాట పడిపోవడంలో ఇట్టి భేదం కనబడలేదు. భారత వైద్య పరిశోధనా మండలి తెలుగుతో సహా ఐదు భాషలలో సిద్ధపరచిన పరీక్షల సంపుటి వివరాలు 2020లో వెలువడినవి.

లోపాన్ని గుర్తించకపోతే రోగి మందులు తప్పువేళ మ్రింగవచ్చు, ఎడమనుండి వచ్చే బండిని చూడక రోడ్డు దాటవచ్చు. లేని లోపాన్ని అంటగడితే ఆయన మాటకు ఇంటిలో విలువ పోతుంది. సరియైన కొలబద్ద ఈ రెండు నష్టాలను తగ్గిస్తుంది.