అంచు దాటని తడి

మూలపేట నుంచి పలాస దాకా చిన్న ఊరి కిరాణా కొట్లో కూడా ఇప్పుడు డైపర్ల పొట్లాలు వేలాడుతున్నాయి. తరతరాలుగా పాత పంచెల ముక్కలతో బిడ్డల్ని పెంచిన ఇళ్లే వాటిని కొంటున్నాయి. ఎందుకంటే గుడ్డ కారిపోతుంది, పక్కంతా తడిసిపోతుంది అంటారు. ఆ ఫిర్యాదు నిజమే. కానీ లోపం నూలుగుడ్డది కాదు, దాన్ని కత్తిరించి కుట్టే తీరుది. ఊళ్లో జాకెట్లు కుట్టే ఏ టైలరమ్మ అయినా తన మిషను మీద సరిదిద్దగలిగిన లోపం అది.

కారిన గుడ్డను విప్పి చూడండి. చాలాసార్లు దానిలో కొంత భాగం ఇంకా పొడిగానే ఉంటుంది. అంటే పీల్చే శక్తి మిగిలి ఉండగానే తడి అంచు దాటిపోయింది. దీపంలో ఒత్తి నూనెను లాగినట్టు నూలుపోగులు తడిని తమ వెంట లాక్కుపోతాయి. లోపలి గుడ్డ తొడ దగ్గర రవ్వంత బయటికి వచ్చి చొక్కాకో దుప్పటికో తగిలితే చాలు, తడి అటు పాకుతుంది. పైన ఎంత గట్టి ప్లాస్టిక్ ఉన్నా దాన్ని ఆపలేదు. అందుకే లోపలి మెత్తను పైతొడుగు కంటే అన్ని వైపులా వేలెడు వెడల్పు తగ్గించి కత్తిరించాలి. దారం కూడా నూలుది వద్దు, పాలియెస్టర్‌ది వాడాలి. నూలు దారం వాడితే కుట్టు పొడవునా తడి బయటికి ఊరుతుంది. పైతొడుగుకు పీయూఎల్ అనే గుడ్డ మంచిది. పాలియెస్టర్ అల్లికకు ఒక పక్క పలుచని పాలీయురేథేన్ పొర అంటించి దీన్ని తయారు చేస్తారు. ఆ పొరలో సూది చేసిన రంధ్రం దానంతటది పూడదు. కాబట్టి సన్నసూది వాడాలి, గుండుసూదులు అంచు మడతలోనే గుచ్చాలి, మధ్యలో అందం కోసం ఒక్క కుట్టు కూడా వేయకూడదు. లాస్టిక్‌ను తొడ మీద బిగిస్తే చర్మం కందుతుంది, బిడ్డ కాళ్లు ఆడించినప్పుడు సందూ పడుతుంది. అది గజ్జ మడతలో, తేలిగ్గా ఆనుకునేలా కూర్చోవాలి. పసిబిడ్డ ఎక్కువసేపు వెల్లకిలా పడుకుంటుంది కాబట్టి నడుము వెనక కూడా లాస్టిక్ ఉండాలి. దీన్ని చాలామంది మరిచిపోతారు.

పీల్చే గుడ్డ విషయంలో మన ఇళ్లలోని పాత అలవాటే సరైనది. కొత్త నూలుగుడ్డలో పత్తికి సహజంగా ఉండే మైనం కొంత మిగిలి ఉంటుంది, నేతలో పట్టిన గంజి కూడా ఉంటుంది. అలాంటి గుడ్డ మీద పోసిన నీళ్లు ముందు జారిపోతాయి. నాలుగైదుసార్లు వేడినీళ్లలో ఉతికాకే అది తాగడం మొదలుపెడుతుంది. ఏళ్లపాటు ఉతికిన పంచెకు ఆ అవసరం లేదు. మన శ్రీకాకుళం జిల్లాలోనే పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి సన్నని ఖద్దరు నేస్తారు. కొత్తది ఈ పనికి వాడమని ఎవరూ అనరు గానీ, అరిగిపోయిన ఖద్దరు పంచె దొరికితే మాత్రం పారేయొద్దు. కొబ్బరితోటల ఉద్దానంలో మరో జాగ్రత్త అవసరం. బిడ్డ ఒంటికి పట్టించిన నూనె గుడ్డకు అంటుకుని పీల్చే గుణాన్ని తగ్గిస్తుంది. ఒళ్లు తుడిచాకే తొడగాలి, గుడ్డల్ని అప్పుడప్పుడూ వేడినీళ్లలో ఉతకాలి. బిడ్డకు తొడిగే ముందు మెత్త మీద అరగ్లాసు నీళ్లు మెల్లగా పోసి అరచేత్తో నొక్కి చూస్తే, ఇంకో పొర కావాలో వద్దో తెలిసిపోతుంది.

ఇంటి మిషను మీద ఇదంతా అయ్యే పనేనా అనే సందేహానికి చరిత్రలో జవాబుంది. 1946లో అమెరికాలో మారియన్ డోనవన్ అనే తల్లి స్నానాలగది తెరను కత్తిరించి తన మిషను మీద ఇలాంటి తొడుగే కుట్టింది. తర్వాత పారాచూట్ నైలాన్‌కు మారి, పిన్నీసుల బదులు టిచ్ బటన్లు పెట్టింది. 1951లో పేటెంటు పొందింది. రబ్బరు తొడుగుల్లో ఒళ్లు ఒరుసుకుపోయే బాధ ఆ గుడ్డతో తగ్గింది. గాలాడని ప్లాస్టిక్ కవరును చుట్టబెట్టడం ఈనాటికీ తప్పే. తొడుగు ఏదైనా, తడిసిన మెత్తను వెంటనే మార్చకపోతే ఒరుపు తప్పదు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం నీళ్లది. కిడ్నీ జబ్బుకు కారణం ఇంకా పూర్తిగా తేలని ఉద్దానానికి హిరమండలం నుంచి వంశధార నీటిని గొట్టాల్లో తీసుకొచ్చారు. అలాంటిచోట రోజూ గుడ్డలు ఉతకమనడం న్యాయమేనా? తాగే నీటిని దీనికి వాడనక్కర్లేదు, బావినీళ్లు చాలు. పైగా ఎక్కువ నీళ్లు తాగేది మెత్త కాదు, బొంత. గుడ్డ కారి ఒక్క బొంత తడిస్తే, దాన్ని ఉతికే నీళ్లతో చాలా మెత్తలు ఉతకొచ్చు. తొడుగు మురికి కాకపోతే ఆరబెట్టి మళ్లీ వాడొచ్చు. ఇక పర్యావరణం మాటకొస్తే, బ్రిటన్ పర్యావరణ సంస్థ 2008లో వేసిన లెక్కలో రెండున్నరేళ్లలో ఒక బిడ్డకు కొన్న డైపర్ల వల్ల సుమారు 550 కిలోల కర్బన ఉద్గారం, మామూలుగా ఉతికే గుడ్డలవల్ల సుమారు 570 కిలోలు వచ్చాయి. తేడా లేనట్టే. కానీ గుడ్డల్ని మిషను నిండా వేసి ఉతికి, దండెం మీద ఆరేసి, రెండో బిడ్డకూ వాడితే దాదాపు 200 కిలోలు తగ్గుతాయని అదే లెక్క చెప్పింది. దండెం, ఎండ, తోబుట్టువుకు దాచడం మనకు కొత్తగా నేర్పాల్సినవి కావు. కొన్న డైపరు మాత్రం వాడాక ఎక్కడికో పోవాలి. దాన్ని విడిగా చుట్టి ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పాయి. చెత్తబండి రాని తీరగ్రామంలో అది ఇసుకలో గోతికో మంటకో చేరుతుంది. అందులోని ప్లాస్టిక్, జెల్లు మట్టిలో కలిసేవి కావు.

ఉతికే చాకిరీ తల్లి ఒక్కదాని మీదే పడితే నేను చెప్పిన లెక్కలన్నీ ఆమెకు భారమే. ఇంట్లో మిగతావాళ్లు చెయ్యి వేయలేని రోజున, ప్రయాణంలో, ఆసుపత్రిలో కొన్న డైపరు వాడడంలో తప్పేమీ లేదు. వానాకాలం మరో చిక్కు. మందపాటి మెత్తను తొడుగుకే కలిపి కుట్టేస్తే సముద్రపు తేమగాలిలో అది రెండు రోజులైనా ఆరదు. అందుకే మెత్తను విడిగా, విప్పితే ఒక్క పొరగా పరుచుకునే పెద్ద పలుచని గుడ్డగా ఉంచి, మడిచి తొడుగులో పెట్టాలి. అలాంటిది చూరు కింద దండెం మీదైనా ఆరుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం రోజుల తరబడి కరెంటు లేక, దారులు మూసుకుపోయి ఉండిపోయింది. పసిబిడ్డలున్న ఇళ్లు సెప్టెంబరు దాటకముందే అలాంటి గుడ్డలు మరో డజను, తొడుగులు మరో రెండు కుట్టించి పెట్టెలో ఉంచుకోవడం మంచిది.