ఏ గొంతుకు ఏ శ్రుతి?

శ్రుతి తల్లి, లయ తండ్రి అన్నారు పెద్దలు. మదీనత్ ఖలీఫాలోని ఒక ఇంట పదిమంది తెలుగు పిల్లలు ఒకే శ్రుతిపెట్టె ముందు కూర్చుని సరళీస్వరాలు పాడుతున్నారనుకుందాం. తారస్థాయి షడ్జం చేరేసరికి కొందరి గొంతు చిరుగుతుంది. మంద్రస్థాయిలో మరికొందరికి ధ్వనియే వెలువడదు. "మా వాడికి సంగీతం రాదు" అని తల్లిదండ్రులు నిరాశపడతారు. చాలా సందర్భాలలో లోపం బిడ్డది కాదు, శ్రుతి ఎంపికది.

కంఠధ్వని స్థాయిని స్వరపేటికలోని స్వరతంత్రుల పొడవు, మందం, బిగువు నిర్ణయిస్తాయి. మాట్లాడేటప్పుడు ఇవి పురుషులలో సెకనుకు సుమారు 100 నుండి 130 సార్లు, స్త్రీలలో 200 సార్లకు అటూ ఇటూగా కంపిస్తాయి. పిల్లలలో ఈ సంఖ్య ఇంకా ఎక్కువ.

పాశ్చాత్యులు స్త్రీకంఠాలను సొప్రానో, మెజో సొప్రానో, కాంట్రాల్టో అనీ, పురుషకంఠాలను టెనార్, బారిటోన్, బాస్ అనీ విభజించారు. పురుషులలో బారిటోన్ సర్వసాధారణం; నిజమైన కాంట్రాల్టో, లోతైన బాస్ అరుదు. మనుషుల ఎత్తులో వలెనే ఇక్కడ కూడ మధ్యస్థులే అధికం.

కర్ణాటక సంగీతంలో ఇట్టి విభజన లేదు. ఆధార షడ్జమునే గాయకుని కంఠానికి అనుగుణంగా జరుపుకొనవచ్చును. దీనిని కట్టెలలో లెక్కిస్తారు. సాధారణంగా పురుషులు 1 నుండి 2 కట్టెలలోను, స్త్రీలు 4½ నుండి 6 కట్టెలలోను పాడుతారు. కృతులలో అధికభాగం మంద్ర పంచమం నుండి తార పంచమం వరకు, అనగా రెండు స్థాయిలలో, సంచరిస్తాయి. మూడు స్థాయిలలో అలవోకగా పాడిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930-2016) వంటి కంఠాలు బహు అరుదు.

మగపిల్లలకు 12 నుండి 15 ఏళ్ల మధ్య స్వరపేటిక వేగంగా పెరిగి, కంఠం దాదాపు ఒక స్థాయి దిగిపోతుంది. ఆడపిల్లలలో ఈ మార్పు రెండు మూడు స్వరాలకు మించదు. నిన్నటి శ్రుతిలో నేడు పాడలేక, నలుగురిలో గొంతు పగిలిందని సిగ్గుపడి బాలుడు సంగీతమే మానివేసే ప్రమాదం ఈ దశలోనే ఉన్నది. అప్పుడు సాధన మానరాదు, అరచి పాడనూరాదు. కంఠం దిగినకొలదీ శ్రుతిని దించుతూ, మధ్యస్థాయిలో మెల్లగా సాధన చేయించాలి.

పరీక్ష సులభం. మంద్ర పంచమం స్పష్టంగా వినబడాలి. తారస్థాయి గాంధారం శ్రమ లేకుండా పలకాలి. ఈ రెండూ కుదిరినదే ఆ బిడ్డ శ్రుతి. తరగతిలో ఇద్దరు ముగ్గురికి వేరే శ్రుతి అవసరమైతే, వారిని వేరుగా కూర్చుండబెట్టి పాడించడం గురువుకు కొంత శ్రమే. కాని శ్రుతి తల్లి వంటిదైనప్పుడు, ఆమె ఒడిలో ప్రతి బిడ్డకూ చోటుండాలి కదా!