అభ్యాసమునకు మితి

“అభ్యాసము కూసువిద్య” యని మన పెద్దలు చెప్పుదురు. కోలాటము, చెక్కభజన, డ్రిల్లు, ఒకరిపై నొకరు నిలిచి కట్టు గోపురములు మొదలగునవి పలువురు కలిసి యేకరీతిగా చేయవలసినవి గనుక, అభ్యాసము లేనిదే వానికి శోభ కలుగదు. ఇది యెల్లరు నెఱింగినదే. అయితే ఆ యభ్యాసము ఎంతవఱకు లాభము, ఎచ్చటనుండి నష్టము అని విచారించువారు తక్కువ. పాఠశాల వార్షికోత్సవముగాని, స్వాతంత్ర్యదినముగాని, క్రిస్మసుగాని సమీపించినప్పుడెల్ల ఈ ప్రశ్న ఉపాధ్యాయులకును తలిదండ్రులకును ఎదురగుచున్నది.

ముందుగా నా తప్పిద మొకటి చెప్పుకొనెదను. కొన్ని యేండ్ల క్రిందట నేనొక పాఠశాలలో వార్షికోత్సవము కొఱకు 24 మంది బాలికలకు కోలాటము నేర్పుచుంటిని. దినము దగ్గఱపడగా ఉదయము 1 గంట, సాయంకాలము 2 గంటలు, ఆదివారమునాడు ఆరాధన ముగిసినపిదప 3 గంటలు అభ్యాసము చేయించితిని. ఆ యావరణమంతయు నాపరాళ్లు పఱచినది. బాలికలు వట్టి కాళ్లతో ఆడుచుండిరి. ఎనిమిదవ తరగతి బాలిక యొకతె “సార్, మడమ నొప్పి” యని రెండు పర్యాయములు చెప్పెను. నేను అది సోమరితనమని తలచి గద్దించితిని. ఉత్సవదినమున ఆమె కుంటుచు వచ్చెను గాని వేదిక నెక్కలేకపోయెను. కోలాటమున జోడు లేనివారికి స్థానము లేదు గనుక ఆమె జోడు బాలికయు నిలిచిపోవలసి వచ్చెను. మిగిలిన 22 మంది చక్కగా ఆడిరి; సభ్యులు చప్పట్లు కొట్టిరి. ఆ యిరువురు బాలికలు కోలలను ఒడిలో నుంచుకొని గోడప్రక్కను కూర్చుండి చూచుచుండిరి. ఆ చప్పట్లు నాకు సంతోషము కలిగింపలేదు.

ఆ నొప్పికి కారణమును తరువాత ఒక వైద్యుడు నాకు వివరించెను. పెరుగుచున్న బిడ్డల యెముకల చివరలయందు ఇంకను గట్టిపడని మెత్తని భాగము లుండును. యెముక పొడవగుట అచ్చటనే జరుగును. పిక్కనుండి దిగు గట్టి నరము మడమయెముకను పట్టుకొనియుండును. బిడ్డ కఠినమైన నేలపై పదే పదే గంతులు వేసినయెడల ఆ నరము మెత్తని భాగమును లాగి లాగి వాపును నొప్పిని కలిగించును. మోకాటికి కొంచెము దిగువనుకూడ ఇట్లే జరుగును. విశ్రాంతి నిచ్చినచో సాధారణముగా నయమగును; లెక్కచేయక ఆడించినచో నెలల తరబడి బాధించును. కావున బిడ్డ చెప్పు నొప్పి సోమరితనము కాదు. దేహము పంపు వర్తమానము.

ఇక మితి యెంత? 5 మొదలు 17 ఏండ్ల వయస్సువారు దినమునకు సగటున 60 నిమిషములు చురుకైన దేహశ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో చెప్పెను. కాబట్టి ఆట మానిపించుట మార్గము కాదు. పై హద్దునకు క్రీడావైద్యులు వాడు సులువైన కొలత యొకటి కలదు: బిడ్డకు ఎన్ని యేండ్లో, వారమునకు అన్ని గంటలకు మించి శిక్షణ యుండరాదు. 12 ఏండ్ల బాలికకు 12 గంటలు. ఇందులో కబడ్డీ, వాలీబాలు మొదలగు శిక్షణలన్నియు చేరవలెను. వారమునకు ఒకటి రెండు దినములు పూర్తి విశ్రాంతి యుండవలెను. మన ప్రాంతమున అనేకులు పల్లెలనుండి నడచి వచ్చుదురు. ఇంటివద్ద నీళ్లబిందెలు మోయుదురు. అదియు శ్రమయే యని మనము తలంపవలెను.

అధికమైన అభ్యాసమువలన నేర్పైనను హెచ్చునా? అలసిన కాళ్లు తప్పుగా పడును. తప్పు అడుగే అలవాటగును. నేర్చినది మనస్సున నాటుకొనుట చాలవఱకు నిద్రలో జరుగును. 6 మొదలు 12 ఏండ్లవారికి 9 గంటలైనను, 13 మొదలు 18 ఏండ్లవారికి 8 గంటలైనను నిద్ర యవసరము. తెల్లవారుజామున లేపి, రాత్రి ప్రొద్దుపోవువఱకు ఆడించుట యొకచేత నేర్పి మఱియొకచేత చెఱపుట వంటిది.

కర్నూలు, కడప సీమలయందు ఎండను తప్పక లెక్కింపవలెను. వేసవిలో ఇచ్చట 40 డిగ్రీలు దాటుట సామాన్యము. దేహము ఎండకు అలవాటు పడుటకు ఒకటి రెండు వారములు పట్టును. కాబట్టి ఉదయమున ఎండ ముదురకముందో, సాయంకాలము నీడలు సాగిన తరువాతనో, మట్టినేలమీద ఆడింపవలెను. ప్రతి 20 నిమిషములకు నీరు త్రాగనియ్యవలెను. తలతిరుగుట, వాంతి, తడబడు మాట కనబడినయెడల వెంటనే ఆట నాపి, నీడకు చేర్చి, దేహమును నీటితో చల్లార్చి, వైద్యుని పిలువవలెను.

గోపురముల విషయమున అపాయ మింకను హెచ్చు. అమెరికా దేశమున 1898లో మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆటగాండ్రను కేకలతో ఉత్సాహపఱచు బృందము బయలుదేరెను. కాలక్రమమున అట్టి బృందములు గోపురములు కట్టుటయు మనుష్యులను పైకెగురవేయుటయు నేర్చెను. గాయములు హెచ్చగా, ఆ దేశపు శిశువైద్యుల సంఘము 2012లో గోపురము ఇద్దరి యెత్తు మించరాదనియు, కఠినమైన నేలపై కట్టరాదనియు, శిక్షకుడు తగిన యర్హత గలవాడై యుండవలెననియు సూచించెను. మహారాష్ట్రమున ఉట్టికొట్టు గోపురముల విషయమై సుప్రీంకోర్టు 2016లో 20 అడుగుల హద్దును నిలిపెను. మద్రాసులో హ్యారీ క్రో బక్ దొర 1920లో వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాలను స్థాపించినది ఇట్టి పనులకు శిక్షితులు కావలెననియే. నావంటి తరగతి యుపాధ్యాయుడు ఉత్సాహమొక్కటే పెట్టుబడిగా గోపురములు కట్టింపరాదు.

ఇప్పుడు నేననుసరించు పద్ధతి యిది. ఉత్సవమునకు 6 వారములు ముందుగా ఆరంభింతును. వారమునకు 4 దినములు, దినమునకు 40 నిమిషములు. మొత్తము 16 గంటలగును. కోలాటమున కది చాలును. ఆ 16 గంటలను చివరి వారమున కుదించినచో మడమలు చెడును, పాఠములును చెడును. ఆదివారమున కోలలు ముట్టము. ప్రతిదినము ఆరంభమునకు ముందు “ఎవరికైన నొప్పి యున్నదా?” యని యడుగుదును. చెప్పినవారిని ఆ దినము పాటకును తాళమునకును నియమింతును. వారి స్థానమును తీసివేయను. స్థానము పోవునను భయము లేనప్పుడే బిడ్డలు నిజము చెప్పుదురు.

విద్యార్థులారా, నొప్పిని దాచకుడు. తలిదండ్రులారా, రాత్రి గడచినను తగ్గని నొప్పిని, కుంటుటను, ఆటయందు అకస్మాత్తుగా కలుగు విసుగును గమనించి మాకు తెలియజేయుడు. దేహము దేవుని యాలయమని బోధించు మనము ఆ యాలయమును ఒక సాయంకాలపు చప్పట్లకై పగులగొట్టుట న్యాయము కాదు. ఈ యేటి వార్షికోత్సవమున ఒక యడుగు తప్పినను తప్పనిండు. ఏ బిడ్డయు గోడప్రక్కను కూర్చుండి చూడవలసిన యవస్థ రాకుండును గాక.