రొయ్యకు రక్ష, బావికి శిక్ష

విదేశ మారకద్రవ్యం ఆర్జించిపెట్టే సరకు పట్ల పార్లమెంటు చూపే ఆదరానికి రొయ్యల కథ చక్కని తార్కాణం.

గాంధేయవాది ఎస్. జగన్నాథన్ వ్యాజ్యంపై 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు వెలువడింది. రొయ్యల సాగు రాబడి కంటె తీరప్రాంతానికి వాటిల్లే నష్టమే అధికమని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ అప్పటికే కోర్టుకు నివేదించింది. చెరువుల ఉప్పు ఇంకి తాగునీటి బావులు చెడినాయి. వరి పొలాలు చౌడుబారాయి. కూలీలకు పని కరవైంది. మత్స్యకారులకు సముద్రపు దారి మూసుకుపోయింది. సంప్రదాయ పద్ధతులవి మినహా, కోస్తా నియంత్రణ మండలంలోని చెరువులను 1997 మార్చి 31లోగా తొలగించాలని జస్టిస్ కులదీప్ సింగ్ ధర్మాసనం ఆదేశించింది.

పునర్విచారణ పిటిషన్లతో ఆ ఆదేశం నిలిచిపోయింది. 2005లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి, నియంత్రణ నిబంధనలు పుట్టిన 1991 నాటి నుంచే వర్తించేలా ఈ సాగుకు మినహాయింపు ప్రసాదించింది. 2023 సవరణలో, అనుమతిలేని సాగుకు విధించే జైలుశిక్షను తొలగించి జరిమానాతో సరిపెట్టింది.

దేశపు రొయ్యల ఎగుమతుల్లో ఆంధ్రప్రదేశ్‌ది సింహభాగం. 2025లో అమెరికా సుంకాలు పెంచగానే చెరువుగట్టున ధర పడిపోయింది. ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు కేంద్రానికి లేఖ రాశారు. ఆ ఆందోళన న్యాయమైనదే. అప్పుచేసి చెరువు తవ్విన చిన్నరైతును నిందించి లాభం లేదు. అయితే బావి ఉప్పుబారిన పల్లె గోడు కూడా అంతే న్యాయమైనది కాదా? విదేశీయుల విందులో రొయ్య చౌకగా లభిస్తున్నదంటే, మిగిలిన వెలను తీరగ్రామపు స్త్రీలు దూరాన్నుంచి మోసే నీటిబిందెలతో చెల్లిస్తున్నారన్నమాట. ఎగుమతుల లెక్కలో ఆ పద్దు ఎప్పటికి చేరుతుంది?