కొండవీటి నీడలో కార్తీక బంతి

కార్తీకం వచ్చేసరికి గుంటూరు, ప్రకాశం నల్లరేగడి చేలల్లో పత్తి తీతలు మొదలవుతాయి. మిరప ఇంకా పచ్చగా పూత మీద ఉంటుంది. మందు కొట్టడాలు, కూలీల కోసం తిరుగుళ్లు, అప్పు లెక్కలు ఎలాగూ ఆగవు. అయినా ఈ నెలలో ఒక్క ఆదివారమైనా జనం వీలు చేసుకుని వనభోజనానికి చెట్ల కిందికి వెళ్తారు. కనుచూపు మేరా చేలే ఉన్న ఈ మైదానంలో అడవి అంటే కొండే. నరసరావుపేట వాళ్లకు కోటప్పకొండ, దోర్నాల వాళ్లకు నల్లమల, చిలకలూరిపేట, ఫిరంగిపురం వాళ్లకు కొండవీడు.

రెడ్డిరాజులు 14వ శతాబ్దంలో అద్దంకి నుంచి రాజధానిని కొండవీటికి మార్చారు. 1515లో కృష్ణదేవరాయలు దీన్ని గెలుచుకున్నాడు. కోట బురుజులు కూలినా పైన ముత్యాలమ్మ, పుట్టాలమ్మ, వేదుళ్ల చెరువులు మూడూ నిలిచాయి. అంత ఎత్తున కొండ మడతల్లో వాననీటిని నిలబెట్టి ఒక రాజధానిని బతికించిన పనితనం అది. బోరు ఎండినప్పుడల్లా ఇంకో బోరు వేసే మన రైతు ఒక్క పూట ఆ గట్టు మీద కూర్చుని చూడాలి.

ఇప్పుడు ఘాట్ రోడ్డు మీద కారు నేరుగా పైదాకా వెళ్తుంది. కాళ్లలో సత్తువ ఉంటే మాత్రం పాత మెట్లదారే మేలు. దారంతా సీతాఫలం పొదలు, మధ్యమధ్య కూలిన గోడలు. పిల్లలకు నున్నటి జారుడుబండ, కింద తాటిమట్ట చాలు. లాగూ చిరిగినా కేకలు ఆగవు. కోటప్పకొండ మీదైతే వాళ్ల కోసం అటవీశాఖ వారి జింకల పార్కు ఉంది.

నల్లమల సంగతి వేరు. దేశంలోకెల్లా పెద్దదైన నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం అది. తుమ్మలబైలులో జీపు ఎక్కి, దారి తెలిసిన చెంచుల వెంట మౌనంగా చూసి రావాల్సిన చోటు. దోర్నాల–శ్రీశైలం దారిని రాత్రి మూసేది కూడా జంతువుల కోసమే. గుంపు వంటలకూ పాటలకూ అక్కడ తావు లేదు.

ఇక భోజనాలు. ఉసిరిచెట్టుకు పూజ చేసి, దాని నీడలో అందరూ ఒకే బంతిన కూర్చుని తినడం వనభోజనం. పులిహోర, గుత్తివంకాయ, గోంగూర పచ్చడి ఎవరింటి నుంచి వచ్చాయని అడగకుండా విస్తరిలో పడాలి. కానీ కొన్నేళ్లుగా ఏ కులానికి ఆ కులం విడిగా బ్యానరు కట్టి, మైకు పెట్టి, నాయకుణ్ని పిలిచి వనసమారాధన జరుపుతోంది. ఊళ్లో ఉన్న గీతలనే చెట్ల కిందికీ మోసుకెళ్తే ఇక అడవికి వెళ్లడం దేనికి? నాకు ఇది మింగుడుపడదు. పత్తి తీసే చేతులు, జనవరి నుంచి మిరపకాయ కోసే చేతులు ఆ బంతిలో కనిపించవు. ఆ పంటల మీదే మన పండగంతా నడుస్తున్నా వాళ్లకు పిలుపు లేదు.

అడవికి జరుగుతున్న చేటు కూడా తక్కువేం కాదు. కార్తీకం దాటాక చూస్తే చెట్ల మొదళ్లలో ప్లాస్టిక్ గ్లాసులు, కాలిన రాళ్లు. రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం 1967 అటవీ చట్టం ప్రకారం నేరం.

వచ్చే కార్తీకంలో వంట ఇంట్లోనే ముగించుకుని, విస్తరాకులు, స్టీలు గ్లాసులు పట్టుకుని కొండెక్కండి. మైకు ఊళ్లోనే వదిలేయండి. మీ చేలో పత్తి తీసే కుటుంబాలను ముందుగా పిలవండి. ఆ రోజు కూలి కట్టి మరీ పిలవండి, మీ పక్కనే కూర్చోబెట్టి వడ్డించండి.